పిల్లల టీకా కార్డు ముందు బీరువాలోంచి బయటికి తీయండి

మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే, ఇది చదివే ముందు లేచి వెళ్లి వాళ్ల టీకా కార్డు తెచ్చుకోండి. ఎక్కడ పెట్టారో గుర్తు రావట్లేదా? నాకూ అలాగే అయింది.

మా పాప పుట్టింది జనగామలో, నేను అమ్మవాళ్లింట్లో ఉన్నప్పుడు. నెలన్నర సూది, రెండున్నర నెలల సూది అక్కడే పడ్డాయి. మూడున్నర నెలలకి వెళ్లాల్సిన రోజు పొద్దున పాపకి ముక్కు కారుతోంది. "జలుబు తగ్గనీ బిడ్డా, వచ్చే వారం వేయిద్దాం" అంది అమ్మ, నేనూ సరే అన్నాను. వచ్చే వారం దసరా వచ్చింది, దసరా అయ్యాక మంచిరోజు చూసి మమ్మల్ని ఉప్పల్‌కి పంపించారు, కార్డేమో అమ్మ బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఏడో నెలలో అంగన్‌వాడీ టీచర్ బాలామృతం ప్యాకెట్ ఇస్తూ "కార్డు చూపించమ్మా" అని అడిగేదాకా నాకు గుర్తే లేదు. అమ్మ ఫోన్లో ఫోటో తీసి పంపితే చూశాను, మూడున్నర నెలల గడులన్నీ ఖాళీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మొదటి నుంచి మళ్లీ అన్నీ వేయించాలేమో అని ఒకటే టెన్షన్.

మర్నాడు టీకాలు వేసే నర్సు, అదే ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్తే ఆవిడ కోప్పడలేదు. "ఏం కాదమ్మా, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వేద్దాం" అంది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది తల్లులు ఆలస్యమైందని సిగ్గుపడి, భయపడి, అసలు వెళ్లడమే మానేస్తున్నారో. ఆలస్యమైన టీకా వృథా కాదు, అప్పటిదాకా వేసిన డోసులు లెక్కలోనే ఉంటాయి. కానీ కొన్నిటికి వయసు గడువు ఉంది. క్షయకి వేసే బీసీజీ ఏడాదిలోపే వేస్తారు, ఐదు రోగాలకి ఒకే సూదైన పెంటా, విరేచనాల నుంచి కాపాడే రోటా చుక్కలు, వీటి మొదటి డోసు కూడా ఏడాది నిండకముందే పడాలి, తట్టు-రుబెల్లా టీకా మాత్రం ఐదేళ్ల దాకా వేయించుకోవచ్చు. అందుకే ఖాళీ గడి కనిపిస్తే పండగ అయ్యాక, పెళ్లి అయ్యాక అనుకోకుండా ఈ వారమే వెళ్లండి.

హైదరాబాద్‌లో నేను చూసినంతవరకు టీకాలంటే ఇష్టంలేక మానేసేవాళ్లు తక్కువ. పుట్టింటికీ అత్తింటికీ మధ్య, ఈ అద్దె ఇంటికీ ఆ అద్దె ఇంటికీ మధ్య, చిన్న జలుబుకీ ఊరి ప్రయాణానికీ మధ్య జారిపోయిన డోసులే ఎక్కువ. అవి జారిపోకుండా ఏం చేయాలో, మిగతా జాగ్రత్తలేంటో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

తేదీలు ఎలా గుర్తుపెట్టుకోవాలి

పుట్టినప్పుడు మూడు ఉంటాయి: బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. వీటిలో హెపటైటిస్-బి పుట్టిన 24 గంటల్లోపే పడాలి, తల్లి నుంచి బిడ్డకి ఆ వైరస్ సోకకుండా ఆపేది ఆ తొలి డోసే కాబట్టి. ప్రసవం అయిన హడావుడిలో దీన్ని ఎవరూ అడగరు, కాబట్టి బిడ్డ తండ్రికో అమ్మమ్మకో ముందే చెప్పి పెట్టండి, డిశ్చార్జి అయ్యేలోపు మూడూ వేశారా, కాగితం మీద రాశారా అని అడగడం వాళ్ల పని.

తర్వాత 6, 10, 14 వారాలు. మన వాళ్లు నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలు అంటారు. నేను తర్వాత కనుక్కున్న చిట్కా ఏంటంటే నెలలు లెక్కపెట్టకుండా వారం లెక్కపెట్టడం. బిడ్డ మంగళవారం పుడితే ఆ తర్వాత వచ్చే ఆరో మంగళవారానికి 6 వారాలు నిండుతాయి, ఇక మర్నాడు బుధవారమే టీకాల రోజు. అక్కడి నుంచి ప్రతి నాలుగు వారాలకీ ఒకటి. క్యాలెండర్ మీద మూడు బుధవారాలకి గుండ్రంగా చుట్టేసి, ఆ వారాల్లో ఊరి ప్రయాణం పెట్టుకోకపోతే చాలు. ఈ మూడుసార్లూ పెంటా, పోలియో చుక్కలు, రోటా చుక్కలు ఉంటాయి. 6, 14 వారాల్లో వీటితోపాటు న్యుమోనియాని ఆపే పీసీవీ, కుడి భుజం మీద చర్మంలోకి ఇచ్చే పోలియో సూది కూడా ఉంటాయి. పెంటా అంటే ఒక్క సూదిలో ఐదు రోగాలకి టీకా: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు.

తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, పీసీవీ బూస్టర్, మూడో పోలియో సూది, విటమిన్ ఎ మొదటి డోసు 1 మిల్లీలీటరు. ఏడాదిన్నరకి, అంటే 16 నుంచి 24 నెలల మధ్య, తట్టు-రుబెల్లా రెండోది, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసే డీపీటీ బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్. విటమిన్ ఎ అక్కడి నుంచి ఆరు నెలలకోసారి 2 మిల్లీలీటర్ల చొప్పున ఐదేళ్ల దాకా నడుస్తుంది. మెదడువాపు టీకా కొన్ని జిల్లాల్లోనే ఇస్తారు, మీ జిల్లాలో ఉందో లేదో ఏఎన్ఎమ్ చెప్తుంది. ఐదారేళ్లకి డీపీటీ రెండో బూస్టర్, 10 ఏళ్లకి, 16 ఏళ్లకి ధనుర్వాతం, కంఠసర్పికి వేసే టీడీ.

కార్డుని లామినేషన్ చేయించకండి. చేయిస్తే మీద రాయడానికి ఉండదు, నా చెల్లెలు అలా చేయించి పక్కన వేరే కాగితం అంటించుకోవాల్సి వచ్చింది. జిప్ కవర్లో పెట్టి, రెండు వైపులా ఫోటో తీసి, ఆ ఫోటో బిడ్డ నాన్నకీ అమ్మమ్మకీ నాన్నమ్మకీ పంపి ఉంచండి. ఇప్పుడు సర్కారు వాళ్ల యూవిన్ పోర్టల్‌లో కూడా టీకాలు నమోదు చేస్తున్నారు, పుట్టింటి ఊళ్లో వేసినది ఇక్కడ కనిపించాలంటే అక్కడా ఇక్కడా ఒకే ఫోన్ నంబర్ ఇవ్వండి.

జలుబు ఉంటే వేయించొచ్చా

వేయించొచ్చు. కొద్దిపాటి జలుబు, దగ్గు, ఒకట్రెండు విరేచనాలు, తక్కువ జ్వరం, ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి కూడా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు, బరువు పెరిగాక చూద్దాం అని ఆగక్కర్లేదు. గట్టి జ్వరంతో బిడ్డ నీరసంగా ఉంటేనో, ఆసుపత్రిలో చేర్చేంత జబ్బు ఉంటేనో, ఇంతకుముందు డోసుకి ఫిట్స్ గానీ తీవ్రమైన అలర్జీ గానీ వచ్చి ఉంటేనో ఆగి డాక్టరుకి చెప్పాలి. ఆ నిర్ణయం సూది వేసేవాళ్లకి వదిలేయండి, ఇంట్లోనే తీసుకోకండి.

టీకా రోజు

మన దగ్గర పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీల్లో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు, మీ బస్తీలో ఏ రోజు ఎక్కడో ఆశా వర్కర్‌ని అడిగితే చెప్తుంది. ఉదయమే వెళ్లండి. ఎందుకంటే బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలు పొడిగా వస్తాయి, వాటికిచ్చే ద్రవంలో కలిపాక నాలుగు గంటలే పనిచేస్తాయి, తర్వాత పారేయాలి. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా డోసులు ఉంటాయి కాబట్టి పిల్లలందరినీ ఒకే రోజు రమ్మంటారు.

నేను ఒకసారి టేబుల్ పక్కనే నిలబడి చూశాను. సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల ఒక చతురస్రం ఉంటుంది. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న గుండ్రం కంటే లేత రంగులో ఉంటే టీకా బాగున్నట్టు. ఎండ తగిలి వేడెక్కితే ఆ చతురస్రం మెల్లగా ముదురుతుంది, గుండ్రం రంగుతో సమానమైపోతే ఆ సీసా వాడకూడదు. ఏఎన్ఎమ్ ఐస్ పెట్టెలోంచి ప్రతి సీసా తీసి కళ్ల దగ్గర పెట్టుకుని ఆ గుండ్రాన్నే చూస్తుంది, కలిపిన టైము సీసా మీద పెన్నుతో రాస్తుంది, అప్పుడే సిరంజి కవరు చింపుతుంది. ఒకసారి నొక్కితే మళ్లీ వెనక్కి లాగడానికి రాని సిరంజి అది. మీరు కూడా "మేడమ్, ఒకసారి సీసా చూపిస్తారా" అని అడగొచ్చు, తప్పేం లేదు.

వదులు బట్టలు వేసి తీసుకెళ్లండి, తొడ మీద వేస్తారు కాబట్టి బిగుతు ప్యాంటు విప్పడానికే బిడ్డ సగం ఏడుస్తుంది. పాలు పట్టే తల్లులైతే సూది అవుతుండగానే పాలివ్వండి, ఏడుపు త్వరగా ఆగుతుంది. అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, కానీ వస్తే ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. ఆటో బయట ఆగి ఉందని లేచి రాకండి.

ఆ రాత్రి

పెంటా పడిన రాత్రి జ్వరం రావడం, ఎడమ తొడ గట్టిపడడం, బిడ్డ చిరాకు పడడం మామూలే, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. తొడ మీద చల్లటి తడి గుడ్డ వేయండి. కాపడం పెట్టడం, నూనె రాసి మర్దన చేయడం, పసుపు పూయడం వద్దు. జ్వరం వస్తే పారాసిటమాల్ ఇవ్వొచ్చు, కానీ ఒక్క విషయం చాలా జాగ్రత్త. డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. మామూలుగా దొరికే డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, 125 అని రాసి ఉన్న సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 125, అంటే ఒక మిల్లీలీటరుకి 25 మాత్రమే. సిరప్ లెక్కన డ్రాప్స్ పోస్తే నాలుగు రెట్లు పడిపోతుంది. బిడ్డ బరువు చెప్పి, ఏ సీసా ఎంత ఇవ్వాలో డాక్టరుతోనో ఏఎన్ఎమ్‌తోనో కార్డు వెనక రాయించుకోండి. జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా పోయకండి.

బీసీజీ వేసిన ఎడమ భుజం మీద రెండు మూడు వారాలకి చిన్న గుల్ల లేచి, చితికి, పుండు పడి, మెల్లగా మచ్చ అవుతుంది. అది అలాగే కావాలి, మందు రాయకండి. మూడు గంటలు దాటి ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు వదిలేసి పాలు తాగకపోయినా మాత్రం వెంటనే తీసుకెళ్లాలి.

సర్కారు దవాఖానలోనా, ప్రైవేటులోనా

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. సర్కారు టీకాలు తక్కువ రకం కాదు. మన శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్న కంపెనీలే దేశానికి రోటా చుక్కల లాంటివి తయారుచేసి పంపుతున్నాయి. ప్రైవేటులో వేలు పోసి వేయించే పీసీవీ కూడా 2021 నుంచి దేశమంతటా సర్కారు కార్యక్రమంలో ఉచితం. ప్రైవేటులో అదనంగా దొరికేవి కొన్ని ఉన్నాయి: టైఫాయిడ్ టీకా, ఫ్లూ, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ, గవదబిళ్లలు కూడా కలిసిన ఎమ్ఎమ్ఆర్. డబ్బు కొంచెమే ఉండి ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేనైతే టైఫాయిడ్‌దే చెప్తాను, ఈ సంపు నీళ్లు, బయటి తిండి మధ్య మన నగరంలో అది అవసరం. ఆరు నెలలు దాటాక వేస్తారు. కానీ ప్రైవేటులో ఆ అదనపువి వేయించడానికి డబ్బులు సర్దుకునేలోపు ఉచితంగా వచ్చేవి ఆపుకోవద్దు.

ఇప్పుడు ఈ రోగాలు ఎక్కడున్నాయి అని మా మామయ్య అన్నారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పితో పిల్లలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. గొంతులో బూడిద రంగు పొర పట్టి ఊపిరి ఆడకుండా చేసే జబ్బు అది. పోలియో సంగతి కూడా అంతే. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో లేదని ధ్రువీకరించింది 2014 మార్చిలో. అయినా 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా వైరస్ నుంచి మారిన టైప్-2 రకం కనబడితే, ఏ బిడ్డకీ పోలియో రాకముందే, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకి పోలియో సూది వేయడానికి ప్రత్యేకంగా వారంపాటు శిబిరాలు పెట్టారు. టీకా అందని పిల్లలు ఎక్కువమంది ఒకచోట ఉంటే వైరస్ అలా తిరుగుతూ మారుతుంది. అందుకే పల్స్ పోలియో ఆదివారం చుక్కలు వేయిస్తే చాలదు, కార్డులోని డోసులు వేరే పడాలి. కార్డులో అన్నీ పడ్డా పల్స్ పోలియో చుక్కలు కూడా వేయించాలి.

ఇంట్లో మానాల్సినవి, చేయాల్సినవి

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, మే నెల ఎండల్లో కూడా నీళ్లు వద్దు. తల్లి నీళ్లు తాగి బిడ్డకి ఎక్కువసార్లు పాలిస్తే సరిపోతుంది. తేనె ఏడాది నిండేదాకా నాకించకండి, అందులో ఉండే బొటులిజం క్రిమి పసిపిల్లలకి ప్రమాదం. ముక్కులో, చెవిలో నూనె పోయడం, ఆముదం తాగించడం, కళ్లకి కాటుక, ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, కానీ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. సాంబ్రాణి పొగ గురించి మా అత్తమ్మతో నాకు చాలా రోజులు వాదన నడిచింది. చివరికి "అత్తమ్మా, తల ఆరడానికే కదా, మెత్తటి తువ్వాలుతో తుడిచి ఫ్యాన్ తగ్గించి పెడదాం, పొగ వేస్తే మన పాపే దగ్గుతోంది చూడండి" అని పాపని ఆవిడ ఒళ్లోనే పడుకోబెట్టి చూపించాక మానేశారు. దిష్టి చుక్క పెట్టాలనుకుంటే పాదానికి పెట్టండి, చేతికి అందితే నోట్లోకే పోతుంది.

ఆరు నెలలు నిండిన రోజు నుంచి పాలతోపాటు మెత్తగా మెదిపిన అన్నం పప్పు నెయ్యి, రాగి జావ, ఉడికించిన కూరగాయలు, తర్వాత గుడ్డు. చెంచాలోంచి జారిపోయేంత పల్చగా వద్దు, నీళ్లే కడుపు నింపేస్తాయి. బరువు నెలనెలా తూయించండి. పుట్టిన బరువు ఐదు నెలలకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవ్వాలని ఒక లెక్క.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరుతో తియ్యటి డ్రింకులు అమ్ముతున్నారని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. చక్కెర ఎక్కువున్న డ్రింకు విరేచనాలని పెంచుతుంది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం ప్యాకెట్ అరలీటరులో అని అంచనాలు వద్దు. రెండేళ్లలోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే పారబోయాలి. డాక్టరు ఇచ్చిన జింక్ 14 రోజులూ వేయాలి, మోషన్స్ ఆగాయని మూడో రోజు ఆపకండి.

వానాకాలం మొదలైతే డెంగీ. ఆ దోమ పగలే కుడుతుంది, మంచినీళ్లలోనే పుడుతుంది. కూలర్ ట్రే, పూలకుండీ పళ్లెం, మేడ మీద పాత టైరు, వారానికోసారి అన్నీ బోర్లించండి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

రాత్రి ఏ టైమైనా 108కి ఫోన్ చేయాల్సినవి ఇవి: పాలు తాగలేకపోవడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద గుంట పడడం. ఊపిరి లెక్క కూడా నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో చూడండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, ఆ అంకె చేరినా దాటినా ఆసుపత్రికే. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోవద్దు, అదే రోజు చూపించాలి.

చివరగా ఐదేళ్ల బూస్టర్. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే, అప్పటికి బిడ్డ బడికి వెళ్తుంటుంది, కార్డు మళ్లీ బీరువా ఎక్కేసి ఉంటుంది. కంఠసర్పి, కోరింత దగ్గు మీద చిన్నప్పటి టీకాల బలం కాలంతో తగ్గుతుంది కాబట్టే ఇది పెట్టారు. మా పాపకి వచ్చే నెల ఐదు నిండుతాయి. బుధవారం బడి ఉంటుందని, ఆ తర్వాత వచ్చే రెండో శనివారం మీద క్యాలెండర్లో ఇప్పటికే చుట్టేశాను, కార్డు ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది.